కాగితం ఒక్కొక్కటే కదలాలి: పేటెంటు పరిశీలనలో మాటల లెక్క

కిందటి వానకాలంలో, మా శాఖలో చదువుకొంటున్న హోసూరు విద్యార్థి ఒకరు చిన్న కవరు పట్టుకొని మా గదికి వచ్చారు. కవరులో వేలెడంత ప్యాడు ఒకటి ఉంది. దాని మీద అడ్డంగా నల్లని రబ్బరు పట్టీ అతికించి ఉంది. వాళ్ల నాన్నగారిది హోసూరులో జిరాక్సు అంగడి. వానలు పట్టినప్పుడు కాగితం చెమ్మ పీల్చుకొని యంత్రంలోకి రెండేసి, మూడేసి కలిసి పోతుంటాయి. కాపీలు పాడవుతాయి, కాగితం ఇరుక్కొంటుంది, గిరాకీ నిలిచిపోతుంది. ఆయన సైకిలు ట్యూబు నుంచి సన్నని పట్టీ కోసి, కాగితాలను వేరుచేసే ప్యాడు మీద అంటించారు. అప్పటి నుంచి ఆ బాధ చాలావరకు తగ్గింది. "దీనికి పేటెంటు వస్తుందా సార్?" అన్నది విద్యార్థి ప్రశ్న.

మేము యంత్రశాస్త్రం చదివినవారం కాము. అయినా ఆ ప్రశ్నను ఇంజనీరింగు శాఖకు పంపించి ఊరుకోలేకపోయాము. ప్రింటర్లలో కాగితం నడిపే పద్ధతులకు సంబంధించిన పేటెంటు పత్రాలు కొన్ని తెచ్చి చదివితే, అక్కడ జరిగే పరిశీలన అంతా చివరకు ఒక వాక్యం చుట్టూ తిరుగుతున్నదని తెలిసింది. భాష చదువుకొనే మన విద్యార్థులకు ఇది పనికివచ్చే విషయం గనక ఇక్కడ వివరిస్తున్నాము.

రెండు మాటల చరిత్ర

ముందుగా జిరాక్సు అనే మాట. మన దేశంలో ఇది కంపెనీ పేరు అన్న సంగతి చాలామంది మరచిపోయారు. ఏ యంత్రం మీద తీసినా నకలు జిరాక్సే. ఈ పద్ధతిని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ అమెరికాలో ఒక కంపెనీ పేటెంటు విభాగంలో పనిచేసేవారు. పేటెంటు పత్రాలకు ఎన్ని నకళ్లు ఉన్నా చాలేవి కావు. చేత్తో రాసుకోవడం, ఫోటోలు తీయించడం శ్రమతోనూ ఖర్చుతోనూ కూడిన పని. ఆ అవస్థలోనుంచే ఆయనకు ఆలోచన పుట్టింది. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో తొలి నకలు తీశారు. 1942లో ఆయనకు పేటెంటు లభించింది. నకలు యంత్రం పుట్టుకకే పేటెంటు కాగితాలు కారణమన్నమాట.

ఇక పేటెంటు. లాటిన్‌లో తెరచి ఉండడం అనే అర్థమిచ్చే ధాతువు నుంచి వచ్చింది. రాజు ముద్ర వేసి, మూయకుండా అందరూ చదివేట్లు ఇచ్చే బహిరంగ పత్రం దీనికి మూలం. తెలుగు పారిభాషిక పదకోశాలలో దీన్ని ఏకస్వం అన్నారు: ఒక్కరికే చెందినది అని. మంచి మాటే, కాని ఇది ఒప్పందంలో సగమే చెబుతుంది. ప్రభుత్వం కొన్నేళ్లపాటు, మన చట్టం ప్రకారం దరఖాస్తు తేదీ నుంచి 20 సంవత్సరాలు, ఇతరులను ఆపే హక్కు ఇస్తుంది. బదులుగా ఆవిష్కర్త తన రహస్యాన్ని, ఆ పని తెలిసిన మరొకరు చదివి చేయగలిగేంత స్పష్టంగా రాసి బయటపెట్టాలి. ఇంగ్లీషు మాట ఆ తెరచి పెట్టడాన్ని చెబితే, మన మాట దక్కించుకోవడాన్ని చెబుతుంది. రెండూ కలిస్తేనే పేటెంటు.

ఒక కాగితాన్ని వేరుచేయడం

ఒకప్పటి ట్రెడిల్ ప్రెస్సులో కాగితం ఒక్కొక్కటే చేత్తో పెట్టేవారు. వేలికొనకు కాగితం ఒకటా రెండా అన్నది తెలుస్తుంది. యంత్రానికి ఆ స్పర్శ లేదు. దాని పని ఘర్షణల మధ్య తేడా మీద నడుస్తుంది.

సాధారణ ప్రింటరులో కాగితాల దొంతర మీద రబ్బరు రోలరు ఆని తిరుగుతుంది. పై కాగితాన్ని ముందుకు లాగుతుంది. రోలరుకు ఎదురుగా, స్ప్రింగు బలంతో ఒత్తుకొని, కదలని ప్యాడు ఉంటుంది. ఇక్కడ మూడు ఘర్షణలున్నాయి: రోలరుకూ కాగితానికీ మధ్య ఒకటి, ప్యాడుకూ కాగితానికీ మధ్య ఒకటి, కాగితానికీ కాగితానికీ మధ్య ఒకటి. మొదటిది అన్నిటికంటె ఎక్కువగా, రెండవది దానికంటె తక్కువగా, మూడవది అన్నిటికంటె తక్కువగా ఉండాలి. అప్పుడు ఒకే కాగితం వస్తే రోలరు ప్యాడును లెక్కచేయక లాక్కొనిపోతుంది. రెండు కలిసి వస్తే, కింది కాగితాన్ని పై కాగితం లాగే బలంకంటె ప్యాడు పట్టే బలం ఎక్కువ గనక కిందిది ఆగిపోతుంది. పైది ఒక్కటే ముందుకు జారుతుంది.

ఈ వరుస తప్పితే యంత్రం తప్పుతుంది. వానకాలంలో చెమ్మకు కాగితాలు ఒకదానినొకటి పట్టుకొంటాయి, మూడవ ఘర్షణ పెరిగి రెండవదాన్ని మించుతుంది, జంటగా పోతాయి. రోలరు అరిగి, కాగితపు పొడి పట్టి నున్నబడితే మొదటిది తగ్గుతుంది; అసలు కాగితమే కదలదు. హోసూరు అంగడిలో ఆయన చేసినది రెండవ ఘర్షణను కొద్దిగా పెంచడం. పుస్తకం చూడకుండానే లెక్క సరిగా పట్టుకొన్నారు.

అయితే ఈ సమస్యకు పరిష్కారం ఇదొక్కటే కాదు. దొంతర ముందు మూలలను చిన్న లోహపు కొక్కేలతో అదిమిపట్టి, పై కాగితం మాత్రమే వంగి తప్పించుకొనేట్లు చేయడం ఒక పద్ధతి. ప్యాడు స్థానంలో వెనక్కు తిరగజూసే రెండవ రోలరును పెట్టడం ఇంకొకటి: ఒక్క కాగితమే ఉంటే అది కాగితంతోపాటు ముందుకు దొర్లుతుంది, రెండున్నప్పుడు వెనక్కు తిరిగి కిందిదాన్ని నెట్టేస్తుంది. పెద్ద అచ్చు యంత్రాలలో గాలి పీల్చి కాగితాన్ని ఎత్తుతారు. రెండు కాగితాలు కలిసి వచ్చినట్లు చెవికి వినిపించని ధ్వనితరంగాలతో కనిపెట్టి యంత్రాన్ని ఆపడం మరొకటి. ప్రయోజనం ఒకటే, నిర్మాణాలు వేరు. పేటెంటు పరిశీలనకు ఈ భేదమే కీలకం.

హద్దులు రాసే వాక్యం

పేటెంటు దరఖాస్తులో వివరణ పత్రం ఉంటుంది. చివర క్లెయిములు ఉంటాయి. వివరణ ఇంటిని చూపించడమైతే క్లెయిము దస్తావేజులో హద్దులు రాయడం. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ కాలువ అని రాసినట్లే, నా హక్కు ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని చెబుతుంది. ఆచారం ప్రకారం ఒక్కొక్క క్లెయిము ఒకే వాక్యం. ఎంత పొడవైనా సరే, మధ్యలో పూర్ణవిరామం ఉండదు.

మా విద్యార్థి మొదట రాసుకొచ్చిన వాక్యం ఇది: "కాగితాలు కలిసి పోకుండా ఒక్కొక్కటిగా లోనికి వెళ్లేట్లు చేసే సాధనం." తెలుగు వాక్యంగా దోషం లేదు; క్లెయిముగా నిలవదు. పైన చెప్పిన కొక్కేలూ, ఎదురు రోలరూ, గాలి పీల్చే గొట్టాలూ అన్నీ ఈ వాక్యంలో ఇమిడిపోతాయి. ఫలితం చెప్పింది గాని వస్తువును చెప్పలేదు.

ఈ విషయంలో అమెరికా తీర్పు ఒకటి తరచుగా ఉదహరిస్తారు. గీతలు గీసే ప్లాటరు యంత్రంలో కాగితాన్ని ముందుకూ వెనక్కూ నడిపే చక్రాల మీద హ్యూలెట్-పాకార్డ్, బాష్ అండ్ లాంబ్ కంపెనీల మధ్య వ్యాజ్యం నడిచింది. ఆ చక్రాల పైభాగం గరుకుగా ఉంటుంది. గరుకు మొనలు కాగితం మీద కంటికి ఆనని గుంటలు చేస్తాయి. కాగితం తిరిగి అదే చోటికి వచ్చినప్పుడు మొనలు ఆ గుంటలలోనే కూర్చొంటాయి గనక కాగితం జారదు. 1990లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పిన మాట సారాంశం: యంత్రం మీది క్లెయిము ఆ యంత్రం ఏమిటో చెబుతుంది, ఏం చేస్తుందో కాదు; పాతదానికంటె వేరుగా పనిచేయనవసరం లేదు, వేరుగా ఉంటే చాలు. వ్యాకరణంలో చెప్పాలంటే ఇక్కడ బరువు క్రియ మీద కాదు, నామం మీద, దాని విశేషణాల మీద.

ఆ దృష్టితో వాక్యాన్ని తిరగరాయించాము: "ప్రింటరులో కాగితాలను వేరుచేసే సాధనం: ఇందులో కాగితాల దొంతర పెట్టే ఒక ట్రే, సదరు దొంతరలోని పై కాగితాన్ని ముందుకు నడిపే ఒక రోలరు, సదరు రోలరును స్ప్రింగు బలంతో ఒత్తుతూ ఉండే ఒక ప్యాడు ఉండి, సదరు ప్యాడు ఉపరితలంపై కాగితం నడిచే దిక్కుకు అడ్డంగా, ప్యాడు కంటె మెత్తని రబ్బరుతో చేసిన ఒక పట్టీ అతికి ఉండడం దీని ప్రత్యేక లక్షణం." ఇప్పుడు ఇది వస్తువు.

సదరు మాట, విభక్తి మాట

మన దస్తావేజులలోని సదరు అనే మాట ఇక్కడ ప్రాణం పోసుకొన్నది. ఇంగ్లీషు క్లెయిములో ఒక భాగం మొదటిసారి వచ్చినప్పుడు అనిశ్చిత ఉపపదం, రెండవసారి నుంచి నిశ్చిత ఉపపదం రావాలి. ముందు చెప్పని రోలరును హఠాత్తుగా ఆ రోలరు అంటే, ఏ రోలరు అని అధికారి ఆక్షేపిస్తారు. తెలుగులో ఉపపదాలు లేవు. ఒక, ఆ, సదరు అనే మాటలతో ఆ పని చేయించుకోవాలి.

విభక్తి దగ్గర ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. అచేతన కర్మకు ద్వితీయ తప్పనిసరి కాదు. పుస్తకం చదివాను అంటాము. కనుక రోలరు ఒత్తే ప్యాడు అని రాస్తే, రోలరు ప్యాడును ఒత్తుతుందా, ప్యాడు రోలరును ఒత్తుతుందా అన్నది తేలదు. ఇంటిలో మాట్లాడుకొనేటప్పుడు సందర్భమే చెబుతుంది. క్లెయిములో సందర్భానికి చోటు లేదు. స్ప్రింగు ఎటువైపు ఉందన్నదే తగాదా కావచ్చు. అందుకే పై వాక్యంలో రోలరును అని విభక్తి పెట్టించాము.

కలిగి ఉండడం అనే మాటకూ రెండు కొలతలున్నాయి. ఇంగ్లీషులో కంప్రైజింగ్ అంటే ఇవి ఉన్నాయి, ఇంకా ఏవైనా ఉండవచ్చు అని. కన్సిస్టింగ్ ఆఫ్ అంటే ఇవి మాత్రమే ఉన్నాయి అని. రెండవది వాడినవాడి హక్కును, ఎదుటివాడు ఒక భాగం అదనంగా చేర్చి తప్పించుకోగలడు. తెలుగులో మాత్రమే అన్న మాట ఉందా లేదా అన్నదే ఆ తేడా.

పరిశీలనాధికారి బల్ల మీద

మన దేశంలో దీనికి ఆధారం 1970 నాటి పేటెంట్ల చట్టం. 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చింది. 1999, 2002, 2005 సంవత్సరాలలో పెద్ద సవరణలు జరిగాయి. దరఖాస్తు సామాన్యంగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. పరిశీలన దానంతట అది జరగదు, విడిగా కోరాలి. 2024 మార్చిలో నియమాలు మారిన తరువాత ఈ కోరికకు గడువు 31 నెలలు. అంతకుముందు 48 నెలలుండేది. తొలి పరిశీలన నివేదిక వచ్చాక ఆక్షేపణలకు ఆరు నెలలలో సమాధానం చెప్పాలి; అడిగితే మరి మూడు నెలలు పొడిగింపు ఉంది.

అధికారి మొదటి పని వెతకడం. మాటలతో వెతికితే దొరకదు. ఒకరు ప్యాడు అన్నదాన్ని మరొకరు ఘర్షణ సభ్యం అంటారు, ఇంకొకరు నిరోధకం అంటారు. అందువల్ల అంతర్జాతీయ వర్గీకరణ ఒకటి ఉంది. 1971 స్ట్రాస్‌బర్గ్ ఒప్పందం దీనికి మూలం. దొంతర నుంచి కాగితాలు వేరుచేయడం బి65హెచ్ 3 కిందికి వస్తుంది. అందులో రోలర్లతో వేరుచేయడం 3/06. వేరుపడే కాగితానికి అడుగువైపున పట్టి ఆపే ఘర్షణ సాధనాలు 3/52. రెండు కాగితాలు కలిసి రావడాన్ని కనిపెట్టే సాధనాలు 7/12. ఇది ఒక రకమైన పర్యాయపద నిఘంటువు; భాష ఏదైనా అర్థం ఒకే గూటికి చేరుతుంది.

రెండవ పని పోల్చడం. క్లెయిమును ముక్కలు చేస్తారు: ట్రే, రోలరు, ప్యాడు, స్ప్రింగు, అడ్డపట్టీ, దాని మెత్తదనం. ఎదురుగా పాత పత్రాలను డి1, డి2 అని పేర్లు పెట్టి నిలబెడతారు. ముక్కలన్నీ ఒకే పాత పత్రంలో కనిపిస్తే కొత్తదనం లేదు. అన్నీ ఒకచోట లేకపోతే మూడవ ప్రశ్న: డి1లో కొంత, డి2లో కొంత ఉన్నప్పుడు, ఆ రంగంలో సామాన్య నైపుణ్యం గల పనివాడికి రెండింటినీ కలపడం సులభంగా తట్టేదేనా? తట్టేదైతే ఆవిష్కరణాంశం లేదు.

ఈ మూడవ ప్రశ్న మీద మన సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో ఇచ్చిన తీర్పు నేటికీ దారి చూపుతుంది. పాత్రలను లేతు మీద పట్టి ఉంచే సాధనానికి ఇచ్చిన పేటెంటును కోర్టు నిలపలేదు. వర్క్‌షాపులో పనివాడు సహజంగా చేసుకొనే మెరుగుదల చాలదు, అంతకుమించినది కావాలి అన్నది అందులోని సూత్రం.

ఆక్షేపణ వచ్చినప్పుడు క్లెయిమును సవరించవచ్చు. కాని మొదట దాఖలు చేసిన వివరణలో లేనిదాన్ని తరువాత చేర్చనివ్వరు. పట్టీ వెడల్పు, రబ్బరు మెత్తదనం, అతికించిన కోణం మొదటి రోజే రాసి ఉంటే, హద్దు కుదించుకొని నిలబడే అవకాశం ఉంటుంది. రాయకపోతే, చేతిలో ఉన్నా లేనట్లే.

హోసూరు ప్యాడు సంగతి

మా విద్యార్థి నాలుగు సాయంత్రాలు 3/52 వర్గం కింద ఉచితంగా దొరికే పత్రాలు చదివారు. నాలుగవ రోజున, ప్యాడు మీద మెత్తని పట్టీ అడ్డంగా అతికించిన బొమ్మతో పాత విదేశీ పత్రం కనిపించింది. ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. పైగా వాళ్ల నాన్నగారు అడిగినవారికల్లా, పక్క వీధిలోని మూడు అంగళ్లకు కూడా, కొన్నేళ్లుగా ఆ పట్టీ వేసి ఇచ్చారు. మన దేశంలో దరఖాస్తుకు ముందే బహిరంగంగా వాడుకలో ఉన్నది కూడా కొత్తది కాదు. వాడినవారు ఆవిష్కర్తే అయినా మినహాయింపులు చాలా ఇరుకైనవి. దారి రెండు వైపులా మూసుకొన్నది.

ఆ మాట చెప్పడానికి తండ్రీ కొడుకులను కూర్చోబెట్టాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నేను ఎవర్నీ చూసి చేయలేదు సార్. నా అంగడిలో నా చేత్తో చేసుకొన్నదే గదా," అన్నారు. నిజమే. కాని పరిశీలనలో కాపీ కొట్టారా అన్నది ప్రశ్న కాదు. ముందే ఉందా అన్నదే ప్రశ్న. నిజాయితీకి అక్కడ గడి లేదు. ఈ సంగతి చెబుతుంటే మాకే కష్టమనిపించింది.

అప్పుడు ఆయన అడిగిన రెండవ ప్రశ్న మొదటిదానికంటె ముఖ్యమైనది: "రేపు ఏదైనా కంపెనీ ఇదే నాదంటే, నేను నా అంగడిలో వాడకూడదా?"

దీనికి జవాబు ఆశాజనకంగా ఉంది. పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా వ్యతిరేకత తెలుపవచ్చు. ముందునుంచి వాడుకలో ఉందన్నది, ముందే ప్రచురితమైందన్నది అందుకు సరిపోయే కారణాలు. మన దేశంలో దరఖాస్తు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి, తెలుగులో పనికిరాదు. కాని పూర్వజ్ఞానానికి భాషా నియమం లేదు. తెలుగులో అచ్చయిన పేజీ అయినా, ఒడియాలో అచ్చయిన పేజీ అయినా సాక్ష్యమే. పసుపుకు గాయం మాన్పే గుణం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి మన ప్రాచీన గ్రంథాలు, పత్రికా వ్యాసాలు చూపించి సవాలు చేయగా 1997లో రద్దు చేశారు. గెలిపించింది తరతరాల వాడుక ఒక్కటే కాదు, ఆ వాడుక రాతలో ఉండడం.

నోటుపుస్తకంలో రాసి పెట్టెలో దాచితే చాలదు. తేదీతో, నలుగురికీ అందేట్లు ప్రచురితం కావాలి. వరుస మాత్రం తప్పకూడదు. కొత్తదేమో అన్న ఆశ ఉంటే ముందు దరఖాస్తు, ఆ తరువాతే ప్రచురణ. ముందు తాత్కాలిక వివరణ దాఖలు చేసుకొని, 12 నెలలలో పూర్తి వివరణ ఇచ్చే వీలుంది. కర్ణాటక, తమిళనాడు, యానాం విద్యార్థులకు, ఆంధ్ర, తెలంగాణలలోని వారి బంధువులకు కూడా, చెన్నై కార్యాలయం, మహారాష్ట్రవారికి ముంబై, ఒడిశావారికి కోల్‌కతా.

హోసూరు పెద్దాయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు. చదువు తమిళంలో సాగింది. ఆయన చెబుతుంటే కొడుకు, మా శాఖలో నేర్చుకొన్న లిపిలో, నాలుగు పేజీలు రాశారు: ఏ యంత్రం, ఏ నెలలో ఎంత చెమ్మ, పట్టీ ఎన్ని మిల్లీమీటర్లు, ఏ జిగురు, ఏ తేదీన మొదట అతికించినది. బొమ్మ కూడా వేశారు. రోలరును ఆయన గుండు అంటారు, ప్యాడును మెత్త అంటారు. ఆ మాటలు అలాగే ఉంచమన్నాము. తండ్రి చివరి పేజీ చదివించుకొని, ఒకచోట ఆపి, "మెత్త గుండును ఒత్తుతుంది, గుండు మెత్తను కాదు," అని దిద్దించారు. విభక్తి ఎందుకో ఆయనకు మేము చెప్పనక్కరలేకపోయింది.

మీ ఊళ్లలో అచ్చు యంత్రాల దగ్గర, మగ్గాల దగ్గర, మరమ్మతు అంగళ్లలో ఇలాంటి పట్టీలు ఎన్ని ఉన్నాయో వెతకండి. చేసినవారి మాటలలోనే, తేదీ వేసి రాసుకు రండి. అది కొత్తదా పాతదా అన్నది తరువాత కలిసి చూద్దాము.